నూనె కొలనులో మూడో కన్ను

అనగనగా ఒక రాజు, ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. ముగ్గురే ఎందుకని అడగకండి. ఇద్దరైతే కథ తొందరగా అయిపోతుంది, నలుగురైతే నాకు పేర్లు గుర్తుండవు. రాజు పేరు భద్రసేనుడు. ఆయన ఊరు తాళపురి, సముద్రం ఒడ్డున ఉంది. పెద్దకొడుకు చిత్రసేనుడు, నడిమివాడు ఇంద్రసేనుడు, చిన్నవాడు కువలయుడు.

భద్రసేనుడికి ఒక పట్టపుటేనుగు ఉండేది. దాని దంతాలు నేలను రాసుకునేంత పొడుగు. ఒకనాడు పింగాక్షుడనే మాంత్రికుడు ఓడ దిగి నేరుగా సభకు వచ్చాడు. ఎర్ర గడ్డం, పిల్లి కళ్ళు. ఆ ఏనుగు దంతాలు తనకు కావాలన్నాడు. ఏనుగు కాలం తీరాక రమ్మన్నాడు రాజు. అంతవరకూ ఆగలేనన్నాడు మాంత్రికుడు. అలాగైతే ఇవ్వను, బతికున్న జంతువు నోట్లోంచి పీకి ఇవ్వడానికి అవేమన్నా పెరట్లో ముల్లంగి దుంపలా అన్నాడు రాజు.

పింగాక్షుడు వాదన పెట్టుకోలేదు. సింహాసనం దగ్గరికి వచ్చి, రాజు కళ్ళలోకి నిదానంగా చూశాడు. అంతే, రాజుకు చూపు పోయింది.

"దంతాలు నీ దగ్గరే ఉంచుకో. చూసుకోవడానికి కళ్ళు మాత్రం ఉండవు" అన్నాడు.

మాంత్రికులకు ఒక జబ్బు ఉంది. చేసే పని చేసి ఊరుకోరు, ప్రాణం ఎక్కడ దాచుకున్నారో చెప్పి మరీ వెళ్తారు. పింగాక్షుడూ అంతే. తన ప్రాణం ఒక చిలకలో ఉందనీ, ఆ చిలక ఏడు సముద్రాల అవతల యవనదేశంలో ఒక దేవుడి తలలో ఉందనీ, చేతనైతే వచ్చి తీసుకోమనీ గుమ్మం దగ్గర నిలబడి చెప్పి, ఓడెక్కి పోయాడు.

పెద్దకొడుకు కత్తి కట్టుకుని బయలుదేరాడు. ఏళ్ళు గడిచాయి, రాలేదు. నడిమికొడుకు కత్తి కట్టుకుని బయలుదేరాడు. మళ్ళీ ఏళ్ళు గడిచాయి, అతనూ రాలేదు. చిన్నవాడు కువలయుడు అప్పటికి పసివాడు కాబట్టి తండ్రి దగ్గరే ఉండిపోయాడు.

రోజూ పొద్దున్నే రాజు చిన్నకొడుకు భుజం మీద చెయ్యి వేసుకుని శివాలయానికి వెళ్ళేవాడు. గర్భగుడి ముందు నిలబడి, "ఏరా, స్వామి ఎలా ఉన్నాడు ఈవేళ?" అని అడిగేవాడు. మొదట్లో కువలయుడు బాగున్నాడని చెప్పి ఊరుకునేవాడు. బాగున్నాడంటే నాకేం కనబడుతుందిరా అని రాజు బాధపడేవాడు. కళ్ళ దగ్గర మొదలుపెట్టు అనేవాడు. అప్పటి నుంచి కువలయుడు కళ్ళ దగ్గరే మొదలుపెట్టేవాడు. కుడికన్ను వెండి మెరుస్తోంది, ఎడమకన్ను మీద పువ్వు నీడ పడింది, మూడో కంటికి గంధం ఎక్కువైంది, ఇలాగ. కొడుకు చెబుతుంటే తండ్రి మొహం నెమ్మదిగా విచ్చుకునేది. అలా చూసి చెప్పీ చెప్పీ కువలయుడికి దేవుడనేసరికి ముందు కళ్ళు చూడటం అలవాటైపోయింది.

కువలయుడు పెద్దవాడయ్యాడు. తనూ వెళ్తానన్నాడు. రాజు తడుముకుని అతని భుజం పట్టుకున్నాడు.

"మీ అన్నలు పోయినప్పుడు కొడుకులు పోయారు. నువ్వు పోతే నాకు దేవుడు కూడా కనబడడు" అన్నాడు.

"మీ దేవుణ్ణి మీరే చూసుకునేలా చేసి వస్తాను నాన్నగారూ" అన్నాడు కువలయుడు.

అతను కత్తి కట్టుకోలేదు. అన్నలిద్దరికీ కత్తి ఏం పనికొచ్చిందో కనబడుతూనే ఉంది. ఒక మూటెడు అటుకులు కట్టుకుని, మిరియాలు తీసుకువెళ్తున్న యవనుల ఓడ ఎక్కాడు.

ఏడు సముద్రాలు దాటారు. ఒకటి పాలసముద్రమనీ ఒకటి తేనెసముద్రమనీ చెప్పేవాళ్ళు వాటిని దాటి ఉండరు. ఏడూ ఉప్పగానే ఉన్నాయి. మొదటి సముద్రంలో కువలయుడికి వాంతులయ్యాయి, రెండో సముద్రంలో విసుగేసింది, మూడో సముద్రం నుంచి ఓడవాళ్ళ దగ్గర యవన భాష నేర్చుకోవడం మొదలుపెట్టాడు. ఏడో సముద్రానికి బాగానే మాట్లాడేవాడు.

ఆ ఓడలో ఒక ముసలి ఎలక ఉండేది. రోజూ కువలయుడి అటుకుల మూట దగ్గరికి వచ్చేది. కొట్టి తరమకుండా ఒక గుప్పెడు పక్కన పోసేవాడు. కొన్నాళ్ళు తిని, ఇక మొహమాటపడి, అది నోరు విప్పింది. ఎక్కడికి పోతున్నావని అడిగింది. కువలయుడు ఉన్నదంతా చెప్పాడు.

"ఆ దేవుణ్ణి నేనెరుగుదును. నేను పుట్టింది ఆయన పొట్టలోనే" అంది ఎలక.

ఆ దేవుడి పేరు జియుస్. చేతిలో పిడుగు పట్టుకునే దేవుడు కాబట్టి మన ఇంద్రుడికి చుట్టమై ఉంటాడు. విగ్రహం కొండంత ఉంటుందని చెప్పింది ఎలక. ఒళ్ళంతా ఏనుగు దంతం, బట్టలూ గడ్డమూ బంగారం. లోపల మాత్రం దూలాలు, మేకులు, తారు, సాలెగూళ్ళు. బయటి నుంచి చూస్తే దేవుడు, లోపలి నుంచి చూస్తే అటక. ఆ అటకలో ఎలకలు తరతరాలుగా కాపురం ఉంటున్నాయి. తల దగ్గర మాత్రం ఒక చెక్క అడ్డం ఉంది. దాని వెనక చీకట్లో చిలక ఉంది. సందులోంచి దానికి గింజలు అందించమని మాంత్రికుడు ఎలకలకు పని పెట్టాడు. చిలకను అందులోకి ఎలా పంపాడో మాత్రం వాటికీ తెలియదు.

"దాన్ని బయటికి తీసే ఉపాయం ఒకటుంది. ఆ ఏనుగు దంతానికి రోజూ నూనె పట్టించాలి. లేకపోతే ఎండి పగులుతుంది. నూనె మానిపించు. ఎండాకాలం వెళ్ళేలోపు తల రెండు చెక్కలవుతుంది, చిలక నీ ఒళ్ళో పడుతుంది" అంది ఎలక.

కువలయుడికి ఆ మాట నచ్చింది. అంత తేలిక పనికి అన్నలు ఎందుకు తిరిగి రాలేదో అర్థం కాలేదు.

ఓడ దిగేసరికి ఊరి బయట ఆలివ్ తోటలున్నాయి. ఆలివ్ కాయలు నేరేడు కాయల్లా ఉంటాయి, నోట్లో వేసుకుంటే మాత్రం చేదు. ఆ కాయల నుంచి నూనె తీసే గానుగ గుడి పక్కనే ఉంది. దాన్ని ఎద్దులు కాదు, ఇద్దరు గుడ్డివాళ్ళు తిప్పుతున్నారు. వాళ్ళను చూసి కువలయుడు ఉన్నచోటే నిలబడిపోయాడు. ఒకడు చిత్రసేనుడు, ఇంకొకడు ఇంద్రసేనుడు.

తమ్ముడి గొంతు విని అన్నలిద్దరూ ఏడ్చారు. తరవాత సిగ్గుపడుతూ జరిగింది చెప్పారు. ఆ దేవుడి కాళ్ళ ముందు నల్లరాతి గట్టు కట్టిన నూనె కొలను ఉంది. చిత్రసేనుడు ఆ గుడి పద్ధతులేవీ తెలియక నేరుగా లోపలికి పోయి దాన్ని చూసి, దేవుడి ముందు ఇంత నూనె పెట్టుకుని ఒక్క దీపమైనా పెట్టరేమిటని జాలిపడ్డాడు. ఉత్తరీయం చింపి వత్తి చేసి వెలిగించబోయాడు. గుడి తగలబెడుతున్నాడని పట్టుకున్నారు. ఇంద్రసేనుడూ అలాగే వచ్చి, దేవుడి ఒళ్ళంతా జిడ్డుగా ఉంది, పాపం ఎన్నాళ్ళయిందో స్నానం చేయించి అనుకున్నాడు. బిందెలతో నీళ్ళు తెచ్చి అభిషేకం మొదలుపెట్టాడు. నీళ్ళు తగిలితే ఏనుగు దంతం ఉబ్బి విచ్చుకుంటుంది. దేవుణ్ణి పాడుచేస్తున్నాడని అతన్నీ పట్టుకున్నారు. ఇద్దరినీ పింగాక్షుడి ముందు నిలబెట్టారు. అతను ఇద్దరి కళ్ళలోకీ నిదానంగా చూశాడు.

పింగాక్షుడు ఆ గుడికి పెద్ద. ఎప్పుడో వచ్చి, దేవుడి చెంప మీద పగులు బాగుచేస్తానని చెప్పి లోపల చేరాడు. పగులు అలాగే ఉంది, అతనూ అలాగే ఉన్నాడు. దానికి అతుకు వెయ్యడానికే మన ఏనుగు దంతాలు అడిగాడని అన్నలు చెప్పారు.

అంతలో నూనె కోసం ఒక అమ్మాయి కడవ పట్టుకుని వచ్చింది. ఆమె పేరు థియానో. ఆ విగ్రహాన్ని చెక్కిన శిల్పి వంశంలో పిల్ల. దేవుడికి నూనె పట్టించే హక్కు ఆ వంశానిది. ఆమె తండ్రి చూపు పోయి ఇంటి గడప మీద కూర్చుని ఉంటాడు, ఇప్పుడు ఆ పని ఈమె ఒక్కతే చేస్తోంది. కువలయుడు ఆమె కడవ మోసి ఇంటిదాకా వెళ్ళాడు. తన కథంతా చెప్పి, ఎలక చెప్పిన ఉపాయం ఆమె ముందు పెట్టాడు. ఒక్క ఎండాకాలం నూనె మానేస్తే తన తండ్రికీ అన్నలకూ ఆమె తండ్రికీ కూడా చూపు వస్తుందన్నాడు.

థియానో అతని దగ్గర కడవ అందుకుని కింద పెట్టి, చేతులు తుడుచుకుంది.

"మా ముత్తాతల చేతిపని అది. నేను చీపురు ఎత్తలేని వయసులోనే ఆయన పాదాలు తుడిచాను. మీ నాన్నగారి కళ్ళ కోసం ఆయన్ని పగలనివ్వమంటారా? మా నాన్నా గుడ్డివాడే. అయినా రోజూ నూనె పట్టిస్తూనే ఉన్నాను" అంది.

కువలయుడికి తల కొట్టేసినట్టయింది. ఆ మాట మళ్ళీ ఎత్తనని చెప్పాడు. ఇంత దూరం వచ్చాను కాబట్టి దేవుణ్ణి ఒక్కసారి చూసి పోతానన్నాడు.

చూడకూడదంది థియానో. ఆ గుడిలో అందరూ కళ్ళు మూసుకునే ఉండాలి. ముందువాళ్ళ భుజం మీద చెయ్యి వేసి వరసగా లోపలికి వెళ్ళాలి, తల వంచుకుని నిలబడాలి, అలాగే బయటికి రావాలి. నూనె పట్టించే తనైనా కళ్ళు మూసుకునే నిచ్చెన ఎక్కి తడుముకుంటూ పట్టిస్తుంది. ఆ మర్యాద పూర్వం నుంచీ ఉన్నదే, పింగాక్షుడు వచ్చాక నియమం చేశాడు. తన తండ్రి ఒకసారి నిచ్చెన మీద కళ్ళు తెరిచాడు. దేవుడికి కోపం వచ్చి చూపు తీసుకున్నాడు. ఆ సంగతి పింగాక్షుడే చెప్పాడట.

సరే, కళ్ళు మూసుకునే వస్తానన్నాడు కువలయుడు.

మర్నాడు పొద్దున్న థియానో భుజం మీద చెయ్యి వేసి గుడిలోకి వెళ్ళాడు. ఇన్నేళ్ళూ తన భుజం మీద తండ్రి చెయ్యి ఉండేది. ఇప్పుడు తన చెయ్యి ఇంకొకరి భుజం మీద ఉంది. చీకట్లో నడవడం ఎలా ఉంటుందో అతనికి అప్పుడు తెలిసింది. తండ్రి మీద బెంగ పుట్టుకొచ్చింది. ఆగమన్నచోట ఆగాడు, తల వంచాడు. ఎదురుగా దేవుడున్నాడు. ఏరా, స్వామి ఎలా ఉన్నాడు ఈవేళ అని తండ్రి అడిగినట్టే అనిపించింది. అలవాటు అలవాటే. కళ్ళు తెరిచాడు.

తల వంచుకునే ఉన్నాడు కాబట్టి కొలను పక్కన కాపలా నిలబడ్డ పింగాక్షుడికి ఆ సంగతి తెలియలేదు. కువలయుడికి నూనెలో దేవుడి నీడ కనబడింది. సింహాసనం మీద కూర్చున్నాడు. ఒక అరచేతిలో రెక్కల విజయదేవత, ఇంకో చేతిలో రాజదండం, దాని కొసన గద్ద. కూర్చుంటేనే తల పైకప్పుకు తగులుతోంది, లేచి నిలబడితే గుడి కప్పు ఊడిపోతుంది. గుడి కట్టినవాడూ దేవుణ్ణి చేసినవాడూ ముందు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదేమో. ఇవన్నీ కువలయుడు తరవాత చూశాడు. ముందు చూసింది కళ్ళు. తండ్రికి చెప్పినట్టే మనసులో చెప్పుకున్నాడు. కుడికన్ను మెరుస్తోంది, ఎడమకన్ను మసగ్గా ఉంది, మూడో కన్ను బాగా మెరుస్తోంది.

అతనికి ఏమీ వింత అనిపించలేదు. మన దేవుడికి మూడు కళ్ళుంటే వీళ్ళ దేవుడికీ మూడు కళ్ళు ఉన్నాయి, అంతే అనుకున్నాడు. కళ్ళు మూసుకుని బయటికి వచ్చాడు.

ఇంటికి వచ్చాక థియానోతో మాట వరసకు అన్నాడు.

"మీ దేవుడూ ముక్కంటే అని ముందే చెప్పలేదేం?"

థియానో మొహం పాలిపోయింది. కళ్ళు తెరిచారా అంది. అతని కళ్ళ ముందు వేళ్ళు ఆడించింది. కువలయుడు ఎన్ని వేళ్ళో చెప్పాడు. ఇంకోసారి ఆడించింది, మళ్ళీ చెప్పాడు. గడప మీద కూర్చున్న ఆమె తండ్రి ఆ మాటలు విని, అయితే నా చూపు తీసుకున్నది దేవుడు కాదన్నమాట అని నెమ్మదిగా అన్నాడు. ఆమెకు కోపమూ దుఃఖమూ ఒక్కసారే వచ్చాయి. ఇన్నేళ్ళూ తండ్రిదే తప్పనుకుని ఆయన్ను లోలోపల తిట్టుకుంది.

కాసేపటికి తేరుకుని, మూడు కళ్ళేమిటని అడిగింది.

"ఆయనకు రెండే కళ్ళు. రోజూ ఈ చేతులతో తుడుస్తాను, నాకు తెలియదా? కుడికన్ను చల్లగా రాయిలా ఉంటుంది. ఎడమకన్ను కొంచెం వెచ్చగా, కొంచెం మెత్తగా ఉంటుంది. దేవుళ్ళకు అలాగే ఉంటాయేమో అనుకున్నాను" అంది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మెరిసిన మూడో కన్ను నీడ కాదు. అది కొలను అడుగున పడి ఉన్న అసలు కన్ను. పింగాక్షుడు ఎడమకంటి రాయిని పెకలించి, ఆ కన్నంలోంచి చిలకపిల్లను లోపలికి పంపి, మైనంతో మూసి రంగు వేశాడు. చెంప మీద పగులు అప్పుడు పడ్డదే, దాన్ని బాగుచేస్తాననే తరవాత గుడిలో చేరాడు. రాయిని బయటికి తీసుకువెళ్తే ఎవరైనా చూస్తారని నూనెలోకి వదిలేశాడు. అందరూ కళ్ళు మూసుకునే చోటుకు మించి దాపు ఇంకెక్కడ దొరుకుతుంది?

మైనం తీస్తే దేవుడికి దెబ్బ తగలదు గదా అని అడిగాడు కువలయుడు. తియ్యకపోతేనే దెబ్బ అంది థియానో.

మర్నాడు పొద్దున్న జనమంతా కళ్ళు మూసుకుని తలలు వంచుకుని నిలబడ్డారు. థియానో కళ్ళు మూసుకుని నిచ్చెన ఎక్కింది. కువలయుడు కళ్ళు మూసుకుని నిచ్చెన అడుగు పట్టుకున్నాడు. అంతమందిలో కళ్ళు తెరుచుకుని ఉన్నవాడు పింగాక్షుడు ఒక్కడే. థియానో పాదాలు తుడిచింది, మోకాళ్ళు తుడిచింది, గడ్డం తుడిచింది. ఎడమకంటి దగ్గరికి వచ్చి, గుడ్డ భుజం మీద వేసుకుని, గోళ్ళతో గీరడం మొదలుపెట్టింది.

పింగాక్షుడు చూశాడు. ఆపమని అరుద్దామంటే జనం కళ్ళు తెరిచి పైకి చూస్తారు. నిచ్చెన లాగేద్దామంటే దాన్ని కువలయుడు పట్టుకుని ఉన్నాడు. పిల్లిలా నడిచి వచ్చి అతని చెవి దగ్గర, కళ్ళు తెరువు అన్నాడు. మూసిన కళ్ళలోంచి చూపు లాగే మంత్రం అతనికి రాదు మరి.

కువలయుడు కళ్ళు ఇంకా గట్టిగా మూసుకుని, గుడంతా వినబడేలా అడిగాడు.

"గుడిపెద్దగారు నన్ను దేవుడి ముందు కళ్ళు తెరవమంటున్నారు. తెరవవచ్చా?"

జనంలో గుసగుసలు పుట్టాయి. తెరవకూడదు గదా అన్నారు కొందరు. ఆ నియమం పెట్టింది ఆయనే గదా అన్నారు ఇంకొందరు. పింగాక్షుడు పిల్లిలాగే వెనక్కి జరిగాడు. అంతలో పైనుంచి మైనపు ముద్ద ఊడి నూనెలో పడింది.

ఆ చప్పుడుకు థియానో కళ్ళు తెరిచింది. ఇన్నేళ్ళూ వేళ్ళతో ఎరిగిన మొహం బెత్తెడు దూరంలో ఉంది. ఆమెకు ఏడుపు వచ్చింది, ఎందుకో చెప్పమంటే చెప్పలేకపోయేది. ఎడమకంటి కన్నంలోంచి ఒక చిలక తల బయటపెట్టింది. ఓడ దిగి పుట్టింటికి చేరిన ముసలి ఎలక దేవుడి పొట్టలోంచి, మెడ విరిచెయ్యి, మెడ విరిచెయ్యి అని అరుస్తోంది. థియానో విరవలేదు. ఆయన ఒళ్ళో నెత్తురు పడటం ఆమెకు ఇష్టం లేదు.

"ఈ తెల్లగా ఉన్నదేమిటి?" అని అడిగింది చిలక.

"వెలుతురు" అంది థియానో.

"ఇదంతా నాదేనా?"

"అందరిదీ" అంది.

చిలక రెక్కలు విదిలించి, తెరిచి ఉన్న తలుపులోంచి ఎండలోకి ఎగిరిపోయింది. వెలుతురు చూడనంతకాలమే అది మాంత్రికుడి ప్రాణం, చూశాక వట్టి చిలక. పింగాక్షుడి మీదికి ఇన్నాళ్ళూ తప్పించుకున్న ముసలితనమంతా ఒక్కసారే వచ్చి పడింది. నిలబడ్డవాడు నిలబడ్డట్టే బూడిదై రాలిపోయాడు. ఎర్ర గడ్డం ఒక్కటి మిగిలితే, మెత్తగా ఉంటుందని ఎలకలు గూటికి పట్టుకుపోయాయి.

గానుగ ఆగింది. చిత్రసేనుడూ ఇంద్రసేనుడూ చేతులు చూసుకుంటూ గుడిలోకి పరిగెత్తుకొచ్చారు. థియానో తండ్రి గడప మీది నుంచి లేచి, ఎవరి భుజమూ పట్టుకోకుండా వచ్చాడు. జనం ఒక్కొక్కరే కళ్ళు తెరిచి దేవుణ్ణి చూశారు. చాలామంది మోకాళ్ళ మీద కూలబడ్డారు. కొందరు మాత్రం, ఇంకా పెద్దవాడనుకున్నామన్నారు. అలాంటివాళ్ళు ఏ ఊళ్ళోనైనా ఉంటారు.

కువలయుడు నడుం లోతు నూనెలో దిగి అడుగున ఉన్న కన్ను తీసి ఇచ్చాడు. థియానో తండ్రి దాన్ని దాని చోట కూర్చోబెట్టాడు. ఒళ్ళంతా నూనె కారుతున్న కువలయుణ్ణి చూసి థియానో నవ్వింది. అతను అప్పుడే పెళ్ళి మాట ఎత్తాడు. దేవుడికి నూనె ఎవరు పట్టిస్తారని ఆమె అడిగింది. నేనున్నాను గదా అన్నాడు తండ్రి. నేనూ ఉంటాను, ఇన్నేళ్ళు తీసిన నూనె ఎక్కడికి పోతుందో కళ్ళారా చూడాలని ఉంది అన్నాడు ఇంద్రసేనుడు. అభిషేకం మాత్రం చెయ్యనని ఒట్టు వేశాడు.

కువలయుడూ థియానో చిత్రసేనుడూ మళ్ళీ ఏడు సముద్రాలు దాటి తాళపురి చేరారు. అక్కడ భద్రసేనుడికి అప్పటికే ఒక పొద్దున్న ఉన్నట్టుండి చూపు వచ్చేసింది. మొదట కనబడింది ఏనుగు దంతాలే. పెళ్ళి ఘనంగా జరిగింది, ఊరంతా తిన్నారు, ఏనుగుకు కూడా చెరుకు పెట్టారు. రాజ్యం పెద్దవాడికే అన్నాడు కువలయుడు. నాకు వద్దురా, కొన్నాళ్ళు ఊరికే కూర్చుని అన్నీ చూస్తాను అన్నాడు చిత్రసేనుడు. అందుకని కువలయుడే రాజయ్యాడు. అతనూ థియానో జుట్టు నెరిసేదాకా, మనవలు పుట్టేదాకా రాజ్యం చేశారు.

పెళ్ళయిన మర్నాడు మాత్రం ముసలిరాజు పొద్దున్నే లేచి కొడుకు గుమ్మం దగ్గరికి వచ్చాడు. గుడికి పోదాం రారా అన్నాడు. చూపు నిక్షేపంలా ఉన్నా కొడుకు భుజం మీద చెయ్యి వేసుకునే నడిచాడు. గర్భగుడి ముందు ఆగి, రెండు కళ్ళూ మూసుకున్నాడు.

"ముందు నువ్వు చెప్పరా. తరవాత చూస్తాను" అన్నాడు.

కువలయుడు స్వామి వైపు తిరిగాడు. ఎప్పటిలాగే కళ్ళ దగ్గర మొదలుపెట్టాడు.